నాన్న పదిహేను వందల మందంటారు, మేం నాలుగు వందలంటాం

ప్రశ్న: మాది అమలాపురం దగ్గర పల్లె. అబ్బాయి వాళ్ళది భీమవరం. ఇద్దరం హైదరాబాద్‌లో ఉద్యోగం చేస్తున్నాం. మాఘమాసంలో పెళ్ళి. ఖర్చు చెరిసగం మేమే పెట్టుకుని నాలుగు వందల మందితో చేసుకోవాలని మా ఆలోచన. నాన్న మాత్రం పదిహేను వందల మందికి తగ్గితే ఊళ్ళో తలెత్తుకోలేనంటున్నారు. అటు వైపు నుంచి తెల్లవారుజామున మూడు గంటల ముహూర్తం చెప్పారు. ఆడపడుచు లాంఛనాల మాట కూడా వినిపిస్తోంది. లగ్నపత్రిక ఇంకా రాసుకోలేదు. ఎవరికి ఏం చెప్పాలి?

జవాబు: లగ్నపత్రిక రాసుకోలేదన్నారు, అది మీకు బాగా కలిసొచ్చే విషయం. రాసుకున్నాక ముహూర్తం, వేదిక, పెట్టుపోతల మాటలు మార్చాలంటే పదిమందిలో మాట పడాలి. ఇప్పుడైతే ఇంట్లోనే తేలిపోతాయి. మీరు అడిగిన నాలుగు విషయాల్లో మొదట తేల్చవలసింది పిలుపులు.

మీ నాన్నగారి పదిహేను వందల వెనక ఒక లెక్క ఉంటుంది. ఇన్నేళ్ళుగా ఆయన ఎవరెవరి ఇళ్ళలో పెళ్ళిళ్ళకు వెళ్ళి చదివించారో, వాళ్ళందరికీ ఇప్పుడు తిరిగి పిలుపు బాకీ ఉన్నారు. ఆయన్ని వాదించి ఒప్పించాలని చూడకండి. మీ ఇంట్లో అంతకుముందు జరిగిన శుభకార్యాల చదివింపుల పుస్తకం బయటికి తీసి, ఆయన పక్కన కూర్చుని, ఇంటిపేర్ల వారీగా కొత్త జాబితా రాయండి. మన ఇంటికి వచ్చి చదివించినవాళ్ళు, మనం వెళ్ళి చదివించినవాళ్ళు తప్పనిసరి. రెండింట్లోనూ లేని పేర్లు ఆయన నోటితోనే తీసేస్తారు. ప్రతి ఇంటి పేరుకు ఎదురుగా ‘ఇంటిల్లిపాదీ’ అనో, ‘ఒకరిద్దరు’ అనో రాయించండి. శుభలేఖల లెక్కను మనుషుల లెక్కగా చూసుకోవడం వల్లే చాలా పెళ్ళిళ్ళలో వంట తప్పుతుంది.

ఈ పుస్తకం ఉంది కాబట్టే శుభలేఖ మీద ‘బహుమతులు స్వీకరించబడవు’ అని అచ్చు వేయించకండి. హైదరాబాద్ స్నేహితులకు అది మర్యాద. మీ ఊరివాళ్ళకు మాత్రం, మీ నాన్నగారు ఒకప్పుడు ఇచ్చినది తీర్చుకోనివ్వకుండా చెయ్యి వెనక్కి నెట్టినట్టు ఉంటుంది. చదివింపుల దగ్గర అందరి ఇంటిపేర్లూ తెలిసిన బంధువు ఒకరిని కూర్చోబెట్టి ఊరు, ఇంటిపేరు, పైకం రాయించండి.

జాబితా తయారయ్యాక పెళ్ళిని రెండుగా విడదీయండి. పెళ్ళికూతుర్ని చేసిన రోజున మీ పల్లెలో, మీ వాకిట్లో పందిరి వేసి ఊరి భోజనాలు పెట్టండి. పెళ్ళి మాత్రం అమలాపురం కల్యాణమండపంలో దగ్గరివాళ్ళతో జరుపుకోండి. ఊరి భోజనం ఖర్చు మీ నాన్నగారికే వదిలేయండి. మొత్తం మీరే పెట్టుకుంటామంటే మంచి ఉద్దేశంతో అన్నా ఆయనకు తనను పక్కన పెట్టినట్టే వినిపిస్తుంది. మండపం, అలంకరణ, ఫొటోలు, పురోహితుల సంభావన మీ ఇద్దరివి. భీమవరంలో రిసెప్షన్ పెట్టుకుంటే అది వాళ్ళది.

ఈ విభజనలో తప్పు జరిగేది ఒక్కచోటే. ఒకే ఇంట్లో అన్నను పెళ్ళికి, తమ్ముణ్ణి భోజనానికి మాత్రమే పిలిస్తే ఆ మాట ఏళ్ళ తరబడి నిలుస్తుంది. గీత ఇంటికి ఇంటికి మధ్య గీయండి, మనిషికీ మనిషికీ మధ్య వద్దు. భోజనానికి వేరే కార్డు అచ్చు వేయించకండి, ఇంటికి వెళ్ళి బొట్టు పెట్టి నోటితో పిలిస్తే చాలు. ఆ పిలుపు మీద వచ్చినవాళ్ళెవరైనా మండపానికి కూడా వస్తే సంతోషంగా కూర్చోబెట్టండి. మేనమామ ఇంటికి అందరికంటే ముందు వెళ్ళండి. బుట్టలో మిమ్మల్ని పీటల మీదికి తెచ్చేది ఆయనే కదా. వాట్సాప్ శుభలేఖ ఆఫీసువాళ్ళకు, స్నేహితులకు సరిపోతుంది. దూరాన ఉన్న పెద్దలకు కార్డు పంపాక మీ అమ్మగారో నాన్నగారో ఫోన్ చేయాలి. మీరు చేస్తే అది పిలుపు కిందికి రాదు.

ఊరి భోజనాల లెక్క చెబుతాను. పుస్తకం పట్టుకుని కూర్చున్నాక మీ జాబితా తొమ్మిది వందలకు వచ్చిందనుకుందాం. బంతికి 200 మంది, తినడానికి అరగంట, విస్తళ్ళు తీసి శుభ్రం చేసి మళ్ళీ వేయడానికి పది నిమిషాలు. అయిదు బంతులకు మూడు గంటల ఇరవై నిమిషాలు పడుతుంది. పదకొండున్నరకు మొదలుపెడితే మూడు లోపు పూర్తవుతుంది. అదే పదిహేను వందలైతే ఎనిమిది బంతులు, అయిదు గంటలు దాటుతుంది. చివరి బంతికి కూరలు అడుగంటుతాయి, వడ్డించేవాళ్ళు అలిసిపోతారు, పెద్దవాళ్ళు ఆకలితో నిలబడతారు. ఈ లెక్క నాన్నగారి ముందు పెట్టండి, ఆయనకే అర్థమవుతుంది. బియ్యం వందమందికి 10 నుంచి 12 కిలోలు. అన్నీ పది శాతం ఎక్కువ వండించనక్కర్లేదు. అన్నం, పులుసు, పెరుగు సరంజామా మాత్రం అదనంగా ఉంచి, నాలుగో బంతి కూర్చోగానే చూసి పొయ్యి వెలిగించమని వంటమేస్త్రికి చెప్పండి. ఐటమ్స్ సంఖ్య పెంచకండి. పనసపొట్టు కూర, ముద్దపప్పు, గుమ్మడికాయ దప్పళం, గట్టి పెరుగు, తాపేశ్వరం కాజా వేడిగా, అడిగి అడిగి వడ్డిస్తే మన వైపు ఇంకేమీ అడగరు.

ముహూర్తం విషయంలో మీ ఇద్దరి నక్షత్రాలకు మాఘంలో ఇంకే లగ్నాలు కుదురుతాయో, వాటిలో పగటి పూటవి ఉన్నాయేమో పురోహితులను అడగమనండి. ఈ మాట అబ్బాయి వాళ్ళ అమ్మతో అతనే చెప్పాలి. మూడు గంటలకే ఖాయమైతే దాని పర్యవసానాలకు సిద్ధపడండి. మండపం అద్దె తేదీ మారిపోయి రెండు రోజులకు పడవచ్చు, ఏ గంట నుంచి ఏ గంట వరకో, జనరేటర్ డీజిల్ ఎవరిదో కాగితం మీద రాయించుకోండి. చాలామంది రాత్రి భోజనం చేసి పదింటికి వెళ్ళిపోతారు కాబట్టి రాత్రికి ఎక్కువ, తెల్లవారి టిఫినుకు తక్కువ చెప్పండి. మేకప్ సాయంత్రం నాలుగింటికి మొదలుపెడితే సప్తపది అయ్యేసరికి పన్నెండు గంటలు దాటుతుంది. గౌరీపూజకు ముందు రెండు గంటలు పడుకునే ఏర్పాటు చేసుకోండి, ఉపవాసమైతే పాలూ పళ్ళూ దగ్గర పెట్టుకోండి.

మగపెళ్ళివారి బస్సు భీమవరం నుంచి పాలకొల్లు, చించినాడ వంతెన, రాజోలు మీదుగా వస్తుంది. విడిదిలో అలకలు చాలావరకు వేళకు కాఫీ అందకపోవడం, వేడినీళ్ళు లేకపోవడం, దిగగానే ఎదురొచ్చే మనిషి లేకపోవడం వల్లే వస్తాయి. మీ బాబాయి ఒకరు విడిది దాటి కదలకూడదు. వాళ్ళ వైపు కూడా ఒక్కరే మాట చెప్పేలా చూడమని అబ్బాయిని అడగండి.

ఇక ఆడపడుచు లాంఛనాలు. ఆడపడుచుకు ప్రేమగా చీర పెట్టడం వేరు, ఇంత ఇవ్వాలని అడగడం వేరు. 1961 వరకట్న నిషేధ చట్టం ప్రకారం కట్నం అడగడమే నేరం, లాంఛనమని పేరు మార్చినంత మాత్రాన అది మారదు. అడగకుండా ఇచ్చిన కానుకలకు 1985 నిబంధనల ప్రకారం జాబితా రాయాలి: వస్తువు, సుమారు విలువ, ఇచ్చినవారి పేరు, బంధుత్వం, మీ ఇద్దరి సంతకాలు. వధువుకు వచ్చినవాటి జాబితా వధువు దగ్గర, వరుడివి వరుడి దగ్గర ఉండాలి. చెల్లెలికి అన్నగా తానే పెట్టుకుంటానని, అత్తవారింటి నుంచి ఏమీ అడగవద్దని అబ్బాయి తన ఇంట్లో స్పష్టంగా చెప్పాలి. ఆ ఒక్క మాట అతను చెప్పలేకపోతే, చెప్పేదాకా లగ్నపత్రిక రాయించకండి. దీనిలో మెత్తబడవద్దని గట్టిగా చెబుతున్నాను.

ఫొటోగ్రాఫర్లకు ముందే చెప్పండి: జీలకర్ర బెల్లం పెట్టే వేళకు తెర దగ్గర వాళ్ళలో ఇద్దరే ఉండాలి, కెమెరా వైపు చూడమని పిలవకూడదు. ముహూర్తం ఆ క్షణానికే పెట్టారు. సప్తపదిని తొందరగా చుట్టేయనివ్వకండి. ఆ ఆచారం ఉన్న పెళ్ళిలో ఏడో అడుగుతోనే వివాహం పూర్తయినట్టు 1955 హిందూ వివాహ చట్టం చెబుతోంది. తర్వాత సబ్ రిజిస్ట్రార్ ఆఫీసులో నమోదుకు శుభలేఖ, పెళ్ళి ఫొటో, వయసు, చిరునామా రుజువులు, సాక్షులు కావాలి. హైదరాబాద్ వెళ్ళిపోయాక దీనికోసం మళ్ళీ సెలవు పెట్టుకోవడం కష్టం, ఊళ్ళో ఉన్న వారంలోనే చేయించుకోండి.