ఐఫోన్ 17 కొనాలా, ఎస్25 కొనాలా? ఫిబ్రవరిలో కాన్పు, చేతిలో లక్షా పది వేలు

ప్రశ్న: మాది కాకినాడ. వయసు 31. పోర్టు దగ్గర ఒక లాజిస్టిక్స్ ఆఫీసులో పని చేస్తున్నాను. చేతికి వచ్చేది 54 వేలు. అద్దె 9 వేలు, బండి ఈఎంఐ 3,100, తునిలో ఉన్న అమ్మానాన్నలకు 6 వేలు, చీటీ 5 వేలు, ఇంటి ఖర్చు 16 వేల దాకా. చీటీ లక్ష రూపాయలది, 20 నెలలు. ఇప్పుడు 8వ నెల, ఇంకా పాడలేదు. సేవింగ్స్‌లో 1,10,000 ఉంది. ఈ 2025 దీపావళికి బోనస్ 25 వేలు వచ్చింది. ఫిబ్రవరి చివర్లో మా ఆవిడకు కాన్పు. మొదటి రోజు నుంచీ బిడ్డ ఫొటోలు, వీడియోలు బాగా ఉండాలని మా ఇద్దరి కోరిక. నా ఫోన్ 2021లో కొన్నది, మధ్యాహ్నానికే చార్జింగ్ అయిపోతోంది. ఐఫోన్ 17 ధర 82,900, గెలాక్సీ ఎస్25 ధర 80,999. రెండూ 256 జీబీవే. ఏది కొనమంటారు? కార్డు మీద 9 నెలల నో కాస్ట్ ఈఎంఐ ఇస్తామంటున్నారు. చీటీ పాడినా డబ్బు సరిపోతుంది. డాలస్‌లో ఉన్న మా బావమరిది డిసెంబరులో వస్తూ అక్కడి నుంచి ఐఫోన్ తెస్తానంటున్నాడు. ఏ దారి మంచిదో చెప్పగలరు.

జవాబు: ఏ ఫోన్ అన్నది తర్వాత చూద్దాం. మీ ఉత్తరంలో నన్ను ఆపేసింది ఫోన్ కాదు, ఫిబ్రవరి. కాన్పు అంటే ముందే తెలిసిన ఖర్చు, కానీ ఎంతో తెలియని ఖర్చు. మామూలు కాన్పు అనుకుని వెళ్తే సిజేరియన్ అవుతుంది. బిడ్డను రెండు రోజులు అబ్జర్వేషన్‌లో ఉంచాలంటారు, బిల్లు ఇంకో మెట్టు ఎక్కుతుంది. ఆఫీసు గ్రూప్ హెల్త్ పాలసీ ఉందో లేదో మీరు రాయలేదు. ఉంటే ఈ వారమే హెచ్‌ఆర్‌కి మెయిల్ పెట్టి మూడు సంగతులు అడగండి: మెటర్నిటీ కవర్ ఉందా, ఉంటే పరిమితి ఎంత, బిడ్డకు మొదటి రోజు నుంచే కవర్ ఉందా. చాలా గ్రూప్ పాలసీల్లో మెటర్నిటీకి వేరే పరిమితి పెడతారు. పాలసీ 5 లక్షలైనా కాన్పుకు ఇచ్చేది అందులో చిన్న ముక్కే అవుతుంది. ఆ జవాబు వచ్చేదాకా 1,10,000లో ఒక్క రూపాయి కూడా ఫోన్ షాపు వైపు వెళ్లకూడదు. వచ్చాక కూడా వెళ్లకపోతేనే మంచిదని నా ఉద్దేశం.

ఇక మీరు చెప్పిన మూడు దారులు చూద్దాం.

ముందు నో కాస్ట్ ఈఎంఐ. సున్నా వడ్డీ అనేదే లేదని రిజర్వ్ బ్యాంకు 2013 సెప్టెంబరులోనే బ్యాంకులకు తేల్చి చెప్పింది. ఇప్పుడు జరిగేది ఏమిటంటే, వడ్డీ ఎంతవుతుందో అంత ముందే ధరలో తగ్గిస్తారు, బ్యాంకు ఆ వడ్డీని మామూలుగానే వసూలు చేస్తుంది. తగ్గించిందీ వసూలు చేసిందీ చెల్లుకు చెల్లు. కానీ వడ్డీ మీద 18 శాతం జీఎస్టీ మాత్రం మీదే. 82,900ని 9 నెలలకు 16 శాతం వడ్డీతో లెక్క కట్టాను. ధరలో తగ్గించేది సుమారు 5,267, కార్డు మీద అప్పుగా నిలిచేది 77,633. మొదటి నెల స్టేట్‌మెంట్‌లో మూడు వరసలు కనిపిస్తాయి: అసలు 8,176, వడ్డీ 1,035, దాని కింద చిన్నగా జీఎస్టీ 186. షాపులో చెప్పిన వాయిదా 9,211 అయితే మీరు కట్టేది 9,397. తొమ్మిది నెలలకు ఆ జీఎస్టీ 950 దాకా అవుతుంది. ప్రాసెసింగ్ ఫీజు 199 అనుకుంటే దాని మీద జీఎస్టీతో కలిపి ఇంకో 235. మొత్తం పన్నెండు వందల లోపే. నిజం చెప్పాలంటే ఇది ఘోరమైన మోసమేమీ కాదు.

నా భయం వేరే. మీకు నెలకు మిగిలేది 14,900. అందులో 9,400 జూలై దాకా ఫోన్‌కి కట్టేస్తే, బిడ్డ పుట్టిన నెలలో మీ చేతిలో ఆడేది 5,500. ఆ నెల కార్డు బిల్లులో మినిమమ్ డ్యూ మాత్రం కట్టి మిగతాది తర్వాత చూద్దాం అనుకున్నారంటే, ఆ మిగతాదాని మీద నెలకు మూడున్నర శాతం పైగా వడ్డీ పడే కార్డులే ఎక్కువ. ఏడాదికి నలభై శాతం దాటుతుంది. నో కాస్ట్ అని మొదలుపెట్టి అక్కడ తేలిన స్టేట్‌మెంట్లు నా టేబుల్ మీదికి చాలా వచ్చాయి.

చీటీ సంగతి. మీరు రాయకపోయినా మీ లెక్క నాకు అర్థమైంది. పాట 18 వేలకు పోతే చేతికి 82 వేలు వస్తుంది, సరిగ్గా ఫోన్ ధర. కానీ చివరిదాకా పాడకుండా ఉంటే, 5 శాతం కమిషన్ పోను 95 వేలు వస్తుంది. అంటే ఫోన్ ఇప్పుడే కావాలన్న తొందర ఖరీదు 13 వేలు. ఆ 13 వేలు ఐఫోన్ ధర మీద వేసి చూడండి, దాదాపు 96 వేల ఫోన్ అవుతుంది. చీటీని వదిలేయండి. ఆసుపత్రి బిల్లు పాలసీ పరిమితి దాటి సేవింగ్స్ కూడా చాలకపోతే, అప్పుడు పాడుకోవడానికి అదొక్కటే మీకున్న ఆసరా. ఆ పని కోసం పాడితే నేను ఒక్క మాట అనను.

బావమరిది గారి మాట కాస్త నెమ్మదిగా చూద్దాం. చాలా ఇళ్లలో ఈ మాట వింటుంటాం, ఎవరూ కాగితం మీద లెక్క వేయరు. అమెరికాలో ఐఫోన్ 17 ధర 799 డాలర్లు. డాలస్‌లో సేల్స్ ట్యాక్స్ 8.25 శాతం, కలిపితే 865 డాలర్లు. డాలర్ 88 రూపాయలు అనుకుంటే 76,100. మన ధరతో తేడా 6,800. అది కూడా ఆయన సీల్ తీయని పెట్టెతో విమానం దిగి, కస్టమ్స్ వాళ్లు ఏమీ అడగకపోతేనే. ప్రయాణికుడికి 2025లో ఉన్న మినహాయింపు 50 వేలు. అది దాటిన విలువ మీద 38.5 శాతం సుంకం వేస్తే మీరు మిగుల్చుకున్న 6,800 కాస్తా పోయి, ఎదురు కట్టాల్సి వస్తుంది. ఇంకో ముఖ్యమైన తేడా ఉంది. 2022లో వచ్చిన ఐఫోన్ 14 నుంచి అమెరికాలో అమ్మే ఐఫోన్లకు సిమ్ పెట్టే చోటే లేదు, ఫోన్‌లోనే ఇమిడి ఉండే ఈ-సిమ్ ఒక్కటే. ఈ-సిమ్ మన దగ్గరా పని చేస్తుంది, కాదనను. కానీ ఫోన్ పాడైన రోజు సిమ్ తీసి పక్క ఫోన్‌లో వేసుకునే అలవాటు మీకుంటే ఇబ్బంది పడతారు. బ్యాంకు ఓటీపీలన్నీ ఆ నంబరుకే కదా. ఆయన ప్రేమగా తెస్తానన్నాడు కాబట్టి ఫోన్ వద్దని చెప్పి, బిడ్డకు కావలసినవేవో మీ ఆవిడ చేత జాబితా పంపించండి.

ఇప్పుడు ఫోన్లు. మీకు పనికొచ్చే తేడాలే చెబుతాను.

రెండింటికీ ఆయుష్షు దాదాపు సమానం. ఎస్25కి ఏడేళ్ల అప్‌డేట్లు ఇస్తామని శాంసంగ్ చెప్పింది. యాపిల్ అలా ప్రకటన చేసి అమ్మదు కానీ, 2018లో వచ్చిన ఐఫోన్ ఎక్స్ఎస్‌కి 2024లో కూడా కొత్త ఐఓఎస్ ఇచ్చింది. పెట్టెలో చార్జర్ రెండింటికీ రాదు. మెమరీ కార్డు రెండింటిలోనూ పట్టదు. రెండూ టైప్-సి కాబట్టి ఇంట్లో ఉన్న మంచి చార్జర్ సరిపోతుంది.

కెమెరా దగ్గర తేడా ఉంది. ఎస్25లో 3ఎక్స్ జూమ్‌కి విడిగా లెన్స్ ఉంది, ఐఫోన్ 17లో అది లేదు. రేపు స్కూల్ వార్షికోత్సవంలో స్టేజీ మీద బిడ్డను తీయాలంటే శాంసంగ్‌దే పైచేయి. కానీ మొదటి రెండేళ్లూ మీరు తీసేది మంచం మీద కాళ్లు కొట్టుకునే బిడ్డను, ట్యూబ్‌లైట్ వెలుతురులో, రెండడుగుల దూరం నుంచి. మా ఇంట్లో రెండు కంపెనీల ఫోన్లూ ఉన్నాయి. మనవడి నామకరణం రోజు వాడు చెయ్యి ఊపుతుంటే తీసిన ఫొటోల్లో గెలాక్సీవి సగం చెయ్యి చెరిగిపోయి వచ్చాయి, ఐఫోన్‌వి చాలావరకు నిలిచాయి. వీడియో కూడా ఐఫోన్‌దే నాకు నచ్చింది. ఇది ఒక తాతగారి అభిప్రాయం, ల్యాబ్ పరీక్ష కాదు. వీడియోలు దాచుకోవడానికి మాత్రం ఐఫోన్‌లో ఉచితంగా వచ్చేది 5 జీబీయే. 50 జీబీకి నెలకు 75 రూపాయలు పక్కన పెట్టుకోండి.

డబ్బు లెక్కలో నేను ఫోన్‌ని బండిలాగే చూస్తాను. కొన్న ధరలోంచి అమ్మితే వచ్చేది తీసేసి, వాడిన నెలలతో భాగిస్తాను. నాలుగేళ్లు వాడతారనుకుందాం. అప్పటికి ఐఫోన్‌కి 28 వేలు, ఎస్25కి 16 వేలు వస్తాయని నా అంచనా. ఐఫోన్ పాతదైనా ధర నిలుపుకుంటుంది కాబట్టి ఆ తేడా పెట్టాను. ఐఫోన్ 17కి నెలకు 1,144 పడుతుంది. ఎస్25ని 80,999కి కొంటే 1,354. అంటే ఈరోజు ఉన్న ధరకు కొనేటట్లయితే ఐఫోనే చవక.

కానీ శాంసంగ్ ధర ఉన్నచోట ఉండదు. ఎస్24 2024 జనవరి 17న వచ్చింది, ఎస్25 2025 జనవరి 22న. కొత్త మోడల్ వచ్చే రోజులు దగ్గర పడితే పాతదాని ధర కిందికి దిగుతుంది. యాపిల్ సంగతి వేరు. సెప్టెంబరులో కొత్తది వచ్చాకే పాతదాని మీద 10 వేలు తీస్తుంది. ఐఫోన్ 15నీ, ఐఫోన్ 16నీ అలాగే 79,900 నుంచి 69,900 చేసింది. కాబట్టి ఫిబ్రవరికి ఐఫోన్ 17 ధరలో పెద్ద మార్పు ఆశించకండి, ఎస్25లో ఆశించవచ్చు. నా లెక్కలో గీత 71 వేల దగ్గర పడుతుంది. ఎస్25 అంతకన్నా తక్కువకు దొరికితే నెల ఖర్చులో అది ఐఫోన్‌ని దాటేస్తుంది. 65 వేలకు దొరికితే నెలకు 1,021 మాత్రమే.

మీ డబ్బు కూడా అప్పటికే చేరుతుంది. బోనస్ 25 వేలు ఇప్పుడే విడిగా ఒక అకౌంట్లో వేసేయండి. నవంబరు నుంచి ఫిబ్రవరి దాకా జీతం పడిన రోజునే నెలకు 10 వేలు అందులోకి పంపండి. ఫిబ్రవరి మొదటి వారానికి 65 వేలు అవుతుంది. అదే మీ ఫోన్ బడ్జెట్, దాని మీద ఒక్క రూపాయి కూడా ఎక్కువ కాదు. కాన్పుకు మూడు వారాల ముందు ఫోన్ చేతికొస్తుంది, కెమెరా అలవాటు చేసుకోవడానికి ఆ టైమ్ చాలు. అప్పటికి ఎస్25 ధర 65 వేలకు దిగకపోతే ఐఫోన్ 16 చూడండి. జాబితా ధర 69,900, కార్డు తగ్గింపుతో 65 వేల లోపుకి వస్తే తీసుకోండి. స్టోరేజీ 128 జీబీయే, మీ వీడియోలకు అది ఇరుకు, ఆ సంగతి తెలిసే కొనండి. ఐఫోన్ 17 అంటేనే మనసు పడితే ఇంకో రెండు నెలలు ఆగాలి. ఆ రెండు నెలలు బిడ్డ మొదటి రెండు నెలలు కాబట్టి మీరు ఆగలేరని నాకు తెలుసు.

ఒక చిన్న ఏడుపు చెప్పుకోవాలి. కొన్నేళ్ల క్రితం నేనే ఒక ఖరీదైన ఫోన్ వాయిదాల్లో కొన్నాను. మూడో నెలలో మెట్ల మీద జారింది. స్క్రీన్‌కి సర్వీస్ సెంటర్ వాళ్లు ఐదంకెల బిల్లు రాశారు. ఫోన్ వాయిదా, స్క్రీన్ వాయిదా రెండూ ఒకే నెలలో కట్టాను. పైగా బీమా తీసుకోమని క్లయింట్లకు చెప్పేవాణ్ని! మీరు ఏది కొన్నా కొన్న రోజే గట్టి కవర్, టెంపర్డ్ గ్లాస్ వేయించండి. ఏడాది తిరిగేసరికి ఆ ఫోన్ మీ బిడ్డ చేతిలోనే ఉంటుంది, నేలమీద పడేది కూడా ఆ చేతిలోంచే.

పాత ఫోన్ ఎక్స్చేంజ్‌లో ఇస్తే ఎంత తగ్గుతుందో ముందే అడగండి. ప్రకటనలో ఉండే 'వరకు' అనే మాట స్క్రీన్ మీద చిన్న గీత కనబడగానే మారిపోతుంది. ఫిబ్రవరి దాకా అది నడవాలంటే ఈ శనివారం కంపెనీ సర్వీస్ సెంటర్‌లో బ్యాటరీ మార్పించండి. ధర అడిగి, మూడు వేల లోపు అయితేనే. అంతకన్నా ఎక్కువ చెబితే ఒక పవర్ బ్యాంక్ కొనుక్కుని నాలుగు నెలలు సర్దుకోండి. హెచ్‌ఆర్ నుంచి మెటర్నిటీ జవాబు వచ్చాక పరిమితి ఎంతో మళ్లీ నాకు రాయండి. సేవింగ్స్‌లో ఎంత ఉంచాలో అప్పుడు లెక్క వేద్దాం.