సమాధానం: జిగురు వేయగానే కంకర తేలిపోతోంది

మీ మోడల్ రైలు పట్టాల మధ్య పోసిన కంకర, జిగురు వేయగానే తేలిపోతోందని అడిగారు. తప్పు జిగురుది కాదండీ, పొడి కంకర మీద నేరుగా వేయడమే తప్పు. చుక్క లోపలికి ఇంకక, రాళ్లను అంటించుకుని గుండ్రంగా నిలబడుతుంది. ముందు మెత్తటి బ్రష్‌తో కంకరను స్లీపర్ల (పట్టాల కింద అడ్డంగా ఉండే దిమ్మెల) పైభాగం కంటే కాస్త కిందికి సర్దండి. నీళ్లలో రెండు చుక్కలు గిన్నెల సబ్బు కలిపి, పైనుంచి మంచులా స్ప్రే చేసి బాగా తడపండి. అది ఆరకముందే సగం ఫెవికాల్, సగం నీళ్లు కలిపి డ్రాపర్‌తో పట్టాల మధ్య వదలండి, దానంతటదే పాకుతుంది. ఒక రాత్రి కదపొద్దు. పాయింట్ల (రైలు ఒక దారి నుంచి మరో దారికి మళ్లే చోట్ల) కదిలే బ్లేడ్ల దగ్గర మాత్రం జిగురు చుక్క కూడా పడకూడదు, బిగుసుకుపోతాయి.

మీరు పెట్టిన ఫొటోలో రాళ్లు మరీ పెద్దవిగా ఉన్నాయి. అసలు రైలు దారిలోని 50 మి.మీ. రాయి హెచ్‌ఓ అనే మోడల్ కొలతలో, అంటే అసలులో 87వ వంతు (1:87) సైజులో, 0.6 మి.మీ. కూడా ఉండదు. జల్లించి వాడండి.