పెట్రోలు రేటుకీ పోలింగుకీ లంకె: గ్రూప్స్ జవాబుకి ఉదాహరణ

రేట్లు కంపెనీల చేతిలో ఉన్నాక ఎన్నికలతో పనేముందని మీ ఫ్రెండ్ వాదిస్తున్నారన్నారు కదండీ. ఈ ఒక్క ఉదాహరణ చూపించండి.

2017 జూన్ నుంచి రేట్లు రోజూ మారాలి. కాగితం మీద మాట అది! 2021 నవంబరు మొదట్లో కేంద్రం ఎక్సైజు సుంకం పెట్రోలుపై 5, డీజిలుపై 10 రూపాయలు తగ్గించింది. ఆ తర్వాత నాలుగు నెలలకు పైగా ప్రభుత్వ చమురు కంపెనీలు రేటు కదపలేదు. మధ్యలో యూపీ, పంజాబ్ ఎన్నికలు. ఉక్రెయిన్ యుద్ధంతో ముడిచమురు వంద డాలర్లు దాటినా బంకులో బోర్డు మారలేదు. 2022 మార్చి 10న ఫలితాలు వచ్చాయి. 22న 80 పైసలతో మొదలెట్టి, పదహారు రోజుల్లో లీటరుకి 10 రూపాయల దాకా బాదారు.

ఎన్నికలకు సంబంధం లేదని ప్రభుత్వం అంటుంది, అదీ ఒక వాక్యం రాయండి. నేనైతే నమ్మను. సిద్ధాంతం పేరు కావాలంటే 1975లో ఆర్థికవేత్త నోర్డ్‌హాస్ రాసిన ‘రాజకీయ వ్యాపార చక్రం’: ఎన్నికల ముందు ఓటర్లకు నచ్చే నిర్ణయాలు, అయ్యాక చేదు నిర్ణయాలు ప్రభుత్వాలు తీసుకుంటాయని.