తగ్గిన నిరుద్యోగులు యాడికి పోయినట్టు?

పాపా,

నువ్వు పంపిన ఆర్టికల్ రెండుసార్లు చదివినా. మొదటిసారి ఫోన్‌లో, రెండోసారి జిరాక్స్ షాపులో ప్రింట్ తీపించుకోని, ఎందుకంటే ఫోన్‌లో చదివితే నాకు ఊరికే కోపం వస్తాది, పేపర్ మీదైతే రోంత ఓపిక ఉంటాది. బాగా రాసినావు. భయం లేకుండా రాసినావు, అది ఇంకా నచ్చింది. కానీ మొదటి లైన్ దగ్గరే ఆగిపోయినా. "రాష్ట్రంలో నిరుద్యోగం తగ్గుముఖం పట్టింది" అన్నావు. తగ్గితే సంతోషమే, నేను అడిగేది ఒకటే, ఆ తగ్గిన వాళ్ళు యాడికి పోయినారు? పనిలోకి పోయినారా, ఊరు విడిచిపెట్టి పోయినారా, వెతికి వెతికి విసుగొచ్చి ఇంట్లో కూర్చున్నారా? ఎనిమిది పేరాల్లో ఈ ప్రశ్న ఒక్కసారి కూడా రాలేదు.

నీ ఒక్కదాని తప్పు కాదులే, నేనూ ఇదే పని చేసినా, ఇంకా ఘోరంగా చేసినా. అప్పట్లో అనంతపురంలో ఒక పేపర్‌కి స్ట్రింగర్ని. ఒక సంవత్సరం జూన్ ఆఖర్లో మంచి వానలు పడినాయి, జూలైకి శనక్కాయ విత్తనం పడింది, ఊళ్ళలో కలుపుకు కూలోళ్ళు దొరకట్లేదు. నేను ఉబ్బిపోయి మే నెలలో పరిస్థితి ఇట్ల ఉండె జూలైలో ఇట్ల ఉంది అని పోల్చి "వలసలకు బ్రేక్" అని రాసి పంపినా, డెస్క్‌లో వాళ్ళు ఇంకా రోంత ఉప్పూకారం జల్లి జిల్లా పేజీలో పెద్దగా వేసినారు. సెప్టెంబర్‌లో వాన మొహం చాటేసింది. అక్టోబర్‌కి బెంగళూరు బస్సుల్లో నిలబడేదానికి కూడా చోటు లేదు. బస్టాండ్‌లో ఒక పెద్దాయన నన్ను గుర్తుపట్టి, నెత్తి మీద మూట అట్లే పెట్టుకోని, "ఏం సామీ, నీ బ్రేకు ఫెయిలయ్యిందా" అన్యాడు. చుట్టూ ఉన్నోళ్ళంతా నవ్వినారు. ఆ నవ్వు ఇప్పటికీ గుర్తుంది నాకు.

మే నెలని జూలైతో పోల్చకూడదు, అంతే. పోయిన ఏడాది జూలైతో పోల్చాల. మన సీమలో పని అనేది వాన ఎట్ల చెప్తే అట్ల ఆడతాది, వేసవిలో చేన్లు ఖాళీ, విత్తనం పడినాక కళకళ. దేశం లెక్కలో కూడా ఇదే కనపడింది చూడు. కేంద్ర గణాంక శాఖ వాళ్ళు ఇళ్ళకి పోయి ఎవరికి పనుంది, ఎవరికి లేదు అని అడిగే పీఎల్ఎఫ్ఎస్ సర్వే 2017లో మొదలైంది, నెలనెలా అంకె ఇచ్చేది మాత్రం 2025 నుంచే, మొదటి బులెటిన్ 2025 మే 15న వచ్చింది. ఏప్రిల్ నెలకి 15 ఏళ్ళు దాటిన వాళ్ళలో నిరుద్యోగం 5.1 శాతం. తర్వాతి నెల మేకి 5.6. టీవీల్లో గోల గోల. కానీ రబీ అయిపోయి, ఎండలు మండే నెల అది. నెలనెలా అంకె ఇచ్చేది మొదలుపెట్టి రెండు నెలలే అయిన లెక్కలో పోయిన సంవత్సరం మే యాడుంది పోల్చేదానికి? నీలాంటి వాళ్ళు అట్లాంటి చోట "ఇప్పుడే ఏమీ చెప్పలేం" అని రాయాల. ఎడిటర్లకి ఆ మాట నచ్చదు, తెలుసు. అయినా రాయాల. ఇంకొకటి, 5.1 నుంచి 5.6కి పోతే అర శాతం పెరిగింది అని రాయద్దు, అర శాతం పాయింట్ అని రాయి. శాతంలో చెప్పాలంటే అది దగ్గరదగ్గర పది శాతం పెరిగినట్టు. నువ్వు నాలుగో పేరాలో ఇదే కలగాపులగం చేసినావు.

ఇప్పుడు అసలు సంగతి. ఆ సర్వేవాళ్ళు ఏమని అడుగుతారో తెలుసా నీకు? నెలవారీ లెక్కకి అడిగేది పోయిన ఏడు రోజుల గురించి. ఆ ఏడు రోజుల్లో ఏదో ఒకరోజు ఒక్క గంట పని చేసినా నువ్వు పనిలో ఉన్నట్టే. ఒక్క గంట. నేను ఇది మొదట చదివినప్పుడు ప్రింటింగ్ మిస్టేక్ అనుకున్నా. కాదు, ప్రపంచం అంతా దాదాపు ఇట్లే లెక్క వేస్తారు, దానికి కారణాలున్నాయి, తప్పని నేను అనను. కానీ ఆ గంట సంగతి తెలియకుండా మన ఊర్ల గురించి రాస్తే తప్పవుతాది. ఒకరోజు పొద్దున ఆరున్నరకి టవర్ క్లాక్ పక్క అడ్డా కాడికి పోయి నిలబడు, తాపీ, బాండ్లీ పెట్టుకోని కూర్చున్న బేల్దారి మేస్త్రీలని అడుగు, ఈ వారం ఎన్ని రోజులు పని దొరికిందని. రెండు అంటారు, మూడు అంటారు. తొమ్మిదింటికి ఇంక ఎవరూ పిలవరని తెలిసిపోయి బీడీ ఆర్పి ఇంటికి పోతారు. ఆ మనిషి లెక్కలో ఉద్యోగస్తుడు పాపా. నిరుద్యోగం అనే గడిలో ఆయన లేడు. ఇంట్లో పొయ్యి మాత్రం వారంలో నాలుగు రోజులు అప్పు మీద వెలుగుతాది.

సంవత్సరం మొత్తానికి ఇంకో లెక్క ఉంది, 365 రోజుల్లో ఎక్కువ కాలం ఏం చేసినావు అని మొదలుపెట్టేది. దాంట్లో ఇంకా తక్కువ కనపడతాది. 2023 జూలై నుంచి 2024 జూన్ వరకు ఆ పద్ధతిలో దేశానికి 3.2 శాతం, అదే ఏడాది అదే సర్వే వారం పద్ధతిలో 4.9. రెండూ నిజమే. నువ్వేం చేసినావంటే ఒక లైన్‌లో దీన్నుంచి ఒకటి తీసుకున్యావు, ఇంకో లైన్‌లో దాన్నుంచి ఒకటి తీసుకున్యావు, మధ్యలో "తగ్గింది" అని పెట్టినావు. సేరుతో కొలిచిన జొన్నలకి, కాటా మీద తూచిన జొన్నలకి తేడా వస్తే జొన్నలు తగ్గినట్టా?

ఇంకా పెద్దది, నువ్వు "మన రాష్ట్రంలో ఈ నెల" అని ఇచ్చిన అంకె. పీఎల్ఎఫ్ఎస్ బులెటిన్‌లో నెలనెలా చెప్పేది దేశం మొత్తానికి, పల్లెలకి పట్నాలకి విడివిడిగా. ఏడాదికి 2,72,304 ఇళ్ళు, దేశం అంతా కలిపి. దాంట్లో ఒక నెలకి, ఒక రాష్ట్రానికి ఎన్ని ఇళ్ళు వస్తాయో నువ్వే గుణించుకో. నువ్వు రాసిన నెలవారీ రాష్ట్రం అంకె సీఎంఐఈది, అది ముంబై ప్రైవేట్ సంస్థ, వాళ్ళ ప్రశ్న వేరే, వాళ్ళు ఆ రోజు పనిలో ఉన్నావా, లేకపోతే గట్టిగా వెతుకుతున్నావా అని చూస్తారు. అది కూడా పనికొచ్చేదే, కానీ రాష్ట్రం వరకు వచ్చేసరికి ఒక నెల పైకి ఒక నెల కిందికి ఊగుతాంటాది. ఆ ఊగులాటని ప్రభుత్వం ఖాతాలో వేసి పొగిడేది వద్దు, తిట్టేది వద్దు. నీ దాంట్లో రెండూ ఉన్నాయి, ఒకే పేజీలో.

సరే, యాడికి పోయినారు అనే మాటకి మళ్ళ వస్తా. ఒక ఊరు ఊహించుకో, వంద మంది పెద్దవాళ్ళు. 60 మంది పని చేసేవాళ్ళో పని కోసం చూసేవాళ్ళో. వాళ్ళలో 54 మందికి పనుంది, ఆరు మందికి లేదు. పది శాతం నిరుద్యోగం. వచ్చే నెల ఆ ఆరు మందిలో నలుగురు ఇంక దొరకదులే అని వెతకడం మానేసినారు. ఇప్పుడు లెక్కలో 56 మంది, పని లేనోళ్ళు ఇద్దరు. 3.6 శాతం. ఒక్కరికి కూడా కొత్తగా పని రాలే, అదే 54 మంది. నువ్వు ఆ ఊరి మీద "భారీగా తగ్గిన నిరుద్యోగం" అని రాస్తావు. అందుకని నిరుద్యోగం శాతం ఒక్కటే ఎప్పుడూ రాయద్దు, పక్కన శ్రామిక భాగస్వామ్యం ఎంత, అంటే పెద్దవాళ్ళలో పని చేసేవాళ్ళు, పని కోసం చూసేవాళ్ళు కలిపి ఎంత శాతం, వాళ్ళలో పని చేసేవాళ్ళు ఎంత అనేది పెట్టు. 2025 ఏప్రిల్‌లో భాగస్వామ్యం 55.6 శాతం, మేలో 54.8. చూసినావా, పని లేనోళ్ళు పెరగడమే కాదు, లెక్కలోంచే కొందరు బయటికి పోయినారు. అది కూడా ఎండల వల్లనేమో, రెండు నెలలతో చెప్పలేం, కానీ అడగాల్సిన ప్రశ్న అక్కడుంది.

నంద్యాలకి ఎప్పుడైనా పో, కోచింగ్ సెంటర్ల వీధిలో రూముల్లో నలుగురు నలుగురు పిల్లోళ్ళు, బ్యాంకు పరీక్షలు, కానిస్టేబుల్, గ్రూప్స్. 2025లో టీచర్ ఉద్యోగాల డీఎస్సీ 16,347 పోస్టులకి పడినప్పుడు మన జిల్లాల్లో ఎన్ని ఇళ్ళలో బంగారం బ్యాంకులో పెట్టినారో నాకు తెలుసు. ఆ పిల్లోడిని సర్వేవాళ్ళు అడిగితే "చదువుకుంటున్నా" అంటే వాడు నిరుద్యోగి కాదు, "పని దొరికితే చేస్తా" అంటే నిరుద్యోగి. అదే పిల్లోడు, అదే చాప, అదే పుస్తకం. రెండు మాటల్లో ఏది నోట్లోంచి వచ్చింది అనేదాని మీద ఉంది.

ఆడోళ్ళ సంగతి ఇంకా చిక్కు. పల్లెల్లో ఆడవాళ్ళ భాగస్వామ్యం 2017-18లో 24.6 శాతం ఉండేది, 2023-24కి 47.6 అయ్యింది. ఆరేళ్ళలో దాదాపు రెట్టింపు. నువ్వు దాన్ని "మహిళా శక్తి" అని ఒక సబ్‌హెడ్డింగ్ పెట్టి వదిలేసినావు. కొన్నేళ్ళ కిందట జనవరిలో కోసిగి పక్క ఒక ఊరికి పోయినా. వీధి వీధికి తాళాలు. జనం సుగ్గికి పోయినారు, గుంటూరు పక్క మిరపకాయలు కోసేదానికి, బండికి ముప్పై మంది లెక్కన. ఒక ఇంటి అరుగు మీద అవ్వ, ఇద్దరు మనవళ్ళు, నాలుగు మేకలు. ఊరికే సరదాకి ఆ సర్వే ప్రశ్న అడిగినా, "అవ్వా, పోయిన వారం ఒక గంటైనా పని చేసినావా" అని. ఆమె నా మొహం చూసి, "కూకున్నది ఎప్పుడో అడుగు నాయనా, చెప్తా" అనింది. నీళ్ళు, కసువు, రొట్టెలు, పిల్లోళ్ళు, మేకలు. దాంట్లో నీళ్ళు, కసువు, రొట్టెలు, పిల్లోళ్ళు లెక్కలోకి రావు. మేకలు వస్తాయి. ఆ నాలుగు మేకల వల్ల ఆమె కాగితం మీద పనిలో ఉన్న మనిషి. కూలి ఒక్క రూపాయి లేదు, సొంత ఇంటి సేద్యంలో జీతం లేని సాయం అనే గడిలో పడతాది. పెరిగిన ఆడోళ్ళ పనిలో ఇట్లాంటిది శానా ఉంది, అది రాయకుండా ఆ 47.6 ఒక్కటే రాస్తే అవ్వకి ఉద్యోగం వచ్చినట్టు ఉంటాది.

మళ్ళ ఆ తాళాలేసిన ఇళ్ళు. కొన్ని నెలలకి పోయి వచ్చేవాళ్ళని ఆ ఇంటి మనుషుల్లోనే కలుపుకోవచ్చు, కానీ చెప్పేదానికి ఇంట్లో ఎవరో ఒకరు ఉండాల కదా. తాళం జవాబు చెప్పదు.

జిల్లా గురించి నెలనెలా రాయాలని ఉంటే నిరుద్యోగం శాతం వెనక పడద్దు, ఉపాధి హామీ పని దినాలు చూడు. ఆ పథకం మొదలైందే మన దగ్గర, 2006 ఫిబ్రవరి 2న నార్పల మండలం బండ్లపల్లిలో. నెలనెలా ఎంతమంది పని అడిగినారు, ఎన్ని రోజులు దొరికింది అనేది పంచాయతీ వరకు ఆన్‌లైన్‌లో ఉంటాది. కానీ అది పెరిగితే చప్పట్లు కొట్టద్దు. చేన్లలో పని లేకనే గదా ఎండలో గుంతలు తవ్వేదానికి వచ్చేది. మళ్ళ అది తగ్గినా అప్పుడే సంతోషపడద్దు, బిల్లులు రాక జనం పోవడం మానేసినారేమో కనుక్కో. పీఎఫ్ లెక్క కూడా నెలనెలా ఇస్తారు, కొత్తగా పేరు ఎక్కినోళ్ళంతా కొత్తగా ఉద్యోగం వచ్చినోళ్ళు కాదు, పదేళ్ళ నుంచి అదే మిల్లులో చేస్తూ ఇప్పుడు పేరు ఎక్కినోడు కూడా దాంట్లో ఉంటాడు.

2022 ఏప్రిల్‌కి ముందు అంకెలతో జాగ్రత్త. అప్పటి అనంతపురం వేరే, ఇప్పటి అనంతపురం వేరే. పెనుకొండ దగ్గర కార్ల ఫ్యాక్టరీ 2019లో మొదలైనప్పుడు అది అనంతపురం జిల్లా, ఇప్పుడు శ్రీసత్యసాయి జిల్లా. నువ్వు పాత పెద్ద జిల్లాని కొత్త చిన్న జిల్లాతో పోల్చి "ఉపాధి పడిపోయింది" అన్నావు. పడిపోలేదమ్మా, జిల్లా సరిహద్దు గీత పక్కకి జరిగింది. మీ కర్నూలు కూడా అంతే, నంద్యాల పోయింది.

శంకుస్థాపనల రోజు చెప్పే "ఇన్ని వేల ఉద్యోగాలు" అనే అంకెని మాత్రం నీ ఆర్టికల్ గడప తొక్కనీయద్దు. కడప ఉక్కు ఫ్యాక్టరీకి 2007, 2018, 2019, 2023, నాలుగుసార్లు పూజలు జరిగినాయి. ప్రతిసారీ ఒక అంకె చెప్పినారు, ప్రతిసారీ మేము రాసినాం, నేను కూడా.

ఆర్టికల్ పారేయద్దు. ఆరో పేరాలో మీ ఆదోని జిన్నింగ్ మిల్లు గేటు కాడ పత్తి దుమ్ముతో తెల్లబడిన కనుబొమ్మల ఆడోళ్ళు, సీజన్ అయిపోతే ఏం చేస్తారో చెప్పిన ఆ ఆరు లైన్లు ఉన్నాయి చూడు, అవి పైకి తీసుకురా, మొదటి లైన్ తీసెయ్. వాళ్ళలో ఒకామెని మళ్ళ పోయి అడుగు, పోయిన వారం ఎన్ని రోజులు, ఎన్ని గంటలు, కూలి చేతికి వచ్చిందా బాకీ ఉందా, పోయిన సంవత్సరం ఇదే నెలలో ఎట్ల ఉండె అని. అంకెలన్నిటికీ పక్కన ఏ సర్వే, ఏ నెల, ఏ పద్ధతి అని రాసుకోని పంపు. వచ్చే ఆదివారం లోపల పంపితే చూస్తా. ఫోన్ చేస్తే మధ్యాహ్నం మూడు తర్వాత చెయ్, అంతకుముందు చేస్తే పడుకోనుంటా.