పెట్టె మీరే సర్దుకున్నారా?

ప్రశ్న: మాకు పెళ్లై ఏడు నెలలు. పెళ్లైన మూడు వారాలకే మావారు విదేశంలో ఉద్యోగానికి వెళ్లిపోయారు. నాకూ వీసా వచ్చింది, వచ్చే నెల ప్రయాణం. కనీసం మూడేళ్లు అక్కడే ఉండాలి. నాకు 23 కిలోల చొప్పున రెండు పెట్టెలు ఇస్తారు. ఒకటి పూర్తిగా, రెండోదాంట్లో సగం అత్తయ్యగారు వాళ్లబ్బాయి కోసం సర్దేశారు. పక్కింటివాళ్లు తమ బంధువులకిమ్మని ఒక పొట్లం ఇచ్చారు. నా బట్టలకి, పుస్తకాలకి చోటు లేదు. మావారిని అడిగితే "అమ్మ ఇచ్చినవన్నీ తెచ్చెయ్, నీకు కావలసినవి ఇక్కడ కొనుక్కుందాం" అన్నారు. నా సర్టిఫికెట్లు కూడా ఇంట్లోనే ఉంచేయమన్నారు, ఇప్పుడు వాటి అవసరం లేదట. అత్తయ్యగారిని నొప్పించకుండా అన్నీ పట్టేలా సర్దే ఉపాయం చెప్పండి.

జవాబు: ముందు ఆ ఉపాయం సంగతి తేల్చేద్దాం. గాలి తీసేసే సంచుల్లో పెడితే బట్టలు అణుగుతాయి గానీ వాటి బరువు తగ్గదు. ఖాళీ పెట్టే మూడు నాలుగు కిలోలుంటుంది. పెట్టె పట్టుకుని ఒకసారి, ఉత్త చేతులతో ఒకసారి బరువు మిషన్ ఎక్కి తేడా చూసుకోండి. ఇంతకుమించి ఇందులో కిటుకేమీ లేదు.

మీ ఉత్తరాన్ని కుదించి వేశాను. పూర్తి ఉత్తరంలో 'అత్తయ్యగారు' అన్న మాట పదకొండుసార్లు వచ్చింది, 'మావారు' రెండేసార్లు. నాకు పట్టుకున్నది ఆ రెండే. కొడుకు కళ్లముందు లేని తల్లి చేతికి ఖాళీ పెట్టె దొరికితే నింపకుండా ఉంటుందా? ఆవిడ మీద నాకే కోపమూ లేదు. "అమ్మా, తన సామాను కూడా ఉంటుంది కదా, ఒక పెట్టె తనకి వదిలెయ్" అని కొడుకు ఒక్క ఫోన్ చేస్తే ఆవిడ నొచ్చుకోకుండానే సగం తీసేసేవారు. ఆ మాట అనాల్సిన మనిషి అనలేదు. మీరేమో ఆయన్ని వదిలేసి, అత్తగారి మనసు నొప్పించకుండా సామాను ఎలా సర్దాలా అని కిందా మీదా పడుతున్నారు.

'ఇక్కడ కొనుక్కుందాం' అన్న మాట వినడానికి బాగానే ఉంది. ఎవరి డబ్బుతో? వెళ్లగానే మీకు జీతం రాదు. పెళ్లయ్యాక మీరిద్దరూ కలిసి ఉన్నది మూడు వారాలే. కొత్త ఊళ్లో ప్రతి చిన్నదానికీ ఆయన్ని అడిగే పరిస్థితిలో కాపురం మొదలుపెట్టడం నాకు నచ్చదు. నాది పాతకాలపు పట్టుదల అనుకున్నా సరే. మీ పేరున, మీ చేతిలో కొంత డబ్బుతోనే బయల్దేరండి.

ఇక సర్టిఫికెట్ల దగ్గర నాకు నిజంగానే ఒళ్లు మండింది. ఆ కాగితాలన్నీ కలిపినా ఒక కిలో ఉండవు, కాబట్టి ఇది బరువు గొడవ కాదు. రేపు అక్కడ చదవాలన్నా, ఉద్యోగం చూసుకోవాలన్నా ముందు అడిగేది అవే. ఆయన దురుద్దేశంతోనే అన్నారని నేననను, ఆలోచించకుండా అని ఉండొచ్చు. మీ చదువు గురించి ఆలోచించకపోవడం మాత్రం చిన్న విషయం కాదు. ఒరిజినల్స్ అన్నీ చేతి బ్యాగులో పెట్టుకోండి. స్కాన్ కాపీలు మీ మెయిల్లో, ఇంకో సెట్టు మీ అమ్మగారి దగ్గర ఉంచండి. అక్కడికెళ్లాక కూడా మీ పాస్‌పోర్టు మీ దగ్గరే ఉండాలి. 'భద్రంగా దాస్తాను' అని ఎవరడిగినా సరే.

మీ థైరాయిడ్ మాత్రల గురించి ఉత్తరం చివర 'చోటుంటే పెట్టుకుంటాను' అని రాశారు. చోటుంటేనా! అవి డాక్టర్ చీటీతో సహా, స్ట్రిప్పుల్లోంచి తీయకుండా చేతి బ్యాగులో ఉండాలి. విమానం అడుగున వేసే పెద్ద పెట్టె ఒక్కోసారి రెండు రోజులు ఆలస్యంగా వస్తుంది. పవర్ బ్యాంకు కూడా చేతి బ్యాగులోనే, దాన్ని పెద్ద పెట్టెలో పెట్టనివ్వరు.

సామాను అప్పగించేచోట సాధారణంగా ఒక ప్రశ్న అడుగుతారు: "ఈ పెట్టె మీరే సర్దుకున్నారా?" ఇప్పుడున్న పరిస్థితిలో మీరు నిజం చెబితే 'లేదు' అనాలి. అందులో ఏం దొరికినా జవాబు చెప్పుకోవాల్సింది మీరే, అత్తగారు కాదు, మీవారు అసలే కాదు.

కాబట్టి ఈ రాత్రే మీవారికి ఫోన్ చేయండి. "ఒక పెట్టె నాది. రెండోది మీ అమ్మగారిది, అదీ నేను చూసి సర్దాకే. ఈ మాట ఆవిడకి మీరే చెప్పండి" అనండి. ఆయన నసిగితే నసగనివ్వండి, మీరు మాత్రం ఆయన తరఫున వెళ్లి అత్తగారికి చెప్పొద్దు. పక్కింటివాళ్ల పొట్లం రేపు పొద్దున్నే తిరిగి ఇచ్చేయండి. దానికి ఎవరి అనుమతీ అక్కర్లేదు.