బిల్లు వెనకాల బాల్‌పెన్నుతో వేసిన ముఖం

పాత కాగితాల మీద మామూలు పెన్నుతో ఇంట్లోవాళ్ల బొమ్మలు వేశానని, వాటినే మంచి కాగితం మీద ఇండియన్ ఇంకుతో మళ్లీ వేసి పాతవి పారేయాలా అని అడిగారు. మళ్లీ వేయండి, కానీ దయచేసి పాతవి పారేయకండి. రెండూ చేసి చూశాను కాబట్టి చెబుతున్నాను.

కొన్నేళ్ల కిందట ఒక మధ్యాహ్నం అమ్మ కుర్చీలోనే నిద్రపోయింది. నా చేతికి అందినవి కరెంటు బిల్లు, నీలం బాల్‌పెన్ను. స్కెచ్‌బుక్ కోసం లేస్తే ఆ చప్పుడుకి మెలకువ వస్తుందేమోనని బిల్లు తిరగేసి అలాగే మొదలుపెట్టాను. బిల్లు సన్నగా, పొడుగ్గా ఉంటుంది కదా, చెవి దగ్గరే కాగితం అయిపోయింది. నుదురు, మూసిన కళ్లు, గడ్డం, చెంప కింద పెట్టుకున్న చెయ్యి మాత్రమే పట్టాయి. గడ్డం గీత తప్పు పడింది. చెరపడానికి లేదు, పక్కనే ఇంకో గీత గీశాను. ఇప్పుడు ఆ రెండు గీతలూ చూస్తే నిద్రలో అమ్మ కాస్త తల వాల్చినట్టే ఉంటుంది.

బాల్‌పెన్ను ఇంకు చిక్కగా ఉంటుంది, కాగితం మీద పారదు. బ్రష్‌తో అయితే ఒక్క పూతలో వచ్చే నీడ ఇక్కడ గీత మీద గీత పేరిస్తే గానీ రాదు. అంటే ఆ ముఖాన్ని అంతసేపు చూడాల్సిందే. కనురెప్పల దగ్గర ఎంత వత్తానో ఏమో, కాగితం తిప్పి వేలితో తడిమితే ఆ గీతలు ఇవాళ్టికీ తగులుతాయి.

తర్వాత దాన్ని చూస్తూ పెద్ద డ్రాయింగ్ షీట్ మీద నిబ్బుతో వేశాను. రెండు వారాలు పట్టింది. భుజాలు వచ్చాయి, కుర్చీ వచ్చింది, గడ్డం కుదిరింది, పోలిక కూడా బాగుంది. కానీ ఆ షీట్‌లో అమ్మ ఫొటో కోసం కూర్చున్నట్టుంది. బిల్లు మీద మాత్రం అమ్మతోపాటు, మేలుకుంటుందేమోనని టెన్షన్ పడుతూ పక్కన కూర్చున్న నేను కూడా ఉన్నాను.

చిత్రకారుడు వాన్ గో 1888లో ఫ్రాన్స్‌లోని ఆర్ల్ పట్టణంలో ఉన్నప్పుడు రెల్లు కాడలు చెక్కి కలాలు చేసుకునేవాడు. అక్కడి పోస్టు ఉద్యోగి జోసెఫ్ రూలాఁ బొమ్మను ఆ కలంతో వేశాడు. రెల్లు కలంలో ఇంకు ఎక్కువసేపు నిలవదు, పొడుగు గీత గీయబోతే మధ్యలోనే అయిపోతుంది. ఆ బొమ్మలో కనిపించే పొట్టి, బలమైన గీతల్లో కలం వాటా కూడా ఉందని నా నమ్మకం.

అలాగని బొమ్మకు లోతు రావాలని పనిగట్టుకుని చిత్తుకాగితం వెతకడం నాకు నచ్చదు. ఒకసారి ప్రయత్నించాను, వేషం కట్టినట్టే వచ్చింది. ఆ మనిషికో, ఆ క్షణానికో చెందిన కాగితమైతేనే అది మాట్లాడుతుంది.

మీ వాటిలో బిల్లులు, రసీదులు ఉంటే లామినేషన్ మాత్రం చేయించకండి. అవి చాలావరకు థర్మల్ పేపర్లే, వేడి తగిలితే నల్లబడిపోతాయి. బాల్‌పెన్ను ఇంకు కూడా వెలుతురుకి వెలిసిపోతుంది కాబట్టి ఎండ పడే గోడకు తగిలించకుండా, యాసిడ్ లేని కాగితం మధ్య పెట్టి దాచండి. ముందుగా మంచి స్కాన్ తీసుకోండి. నా బిల్లు ముందువైపు యూనిట్లు, మొత్తం అన్నీ ఇప్పటికే మాసిపోయాయి. వెనకవైపు అమ్మ ఇంకా నిద్రపోతూనే ఉంది.