గేటు దగ్గర ఎంత తీసుకోవాలి? పాఠకుల ప్రశ్నలు, మా జవాబులు

ప్రశ్న: మా ఫుట్‌బాల్ క్లబ్ మ్యాచ్‌లకు ఇన్నాళ్లూ ప్రవేశం ఉచితం. మైదానం అద్దె, లైట్ల ఖర్చు పెరిగి ఇప్పుడు టికెట్ పెట్టక తప్పడం లేదు. ధర ఎలా తేల్చాలి?
– ఒక క్లబ్ కోశాధికారి

జవాబు: ముందు ఒక్క మ్యాచ్‌కు అయ్యే ఖర్చంతా కాగితం మీద పెట్టండి. మైదానం అద్దె, ఫ్లడ్‌లైట్లు, రిఫరీకి, లైన్స్‌మెన్‌కు ఇచ్చేది, ప్రథమ చికిత్స, బంతుల అరుగుదల, బీమాలో ఆ మ్యాచ్ వాటా, మర్నాడు చెత్త ఎత్తించే ఖర్చు. చాలామంది ఈ చివరి మూడూ వదిలేస్తారు, సీజన్ సగానికి వచ్చేసరికి చేతులెత్తేస్తారు. మొత్తం 6,000 తేలిందనుకుందాం. కరెన్సీ ఏదైనా లెక్క ఒకటే.

అసలు పొరపాటు జరిగేది ఆ తర్వాత. మైదానం చుట్టూ 150 మంది కనబడతారు. 6,000ను 150తో భాగించి టికెట్ 40 అని రాసేస్తారు. కానీ ఆ 150లో 40 మంది పిల్లలు. ఇంకో 20 మంది అవతలి జట్టు వాళ్లు, అధికారులు, మీకు ఊరికే పనిచేసి పెట్టేవాళ్లు. డబ్బిచ్చేవాళ్లు 90 మందే. టికెట్ పెట్టాక వాళ్లలోనూ ఓ పది మంది రావడం మానుకుంటారనుకోండి, మిగిలేది 80. తలకు 40 చొప్పున వచ్చేది 3,200. ఇంకా 2,800 లోటు. ఆ లోటు కూడా గేటు మీదే పూడ్చాలంటే టికెట్ 75 చేయాలి. అప్పుడు మానేసేవాళ్లు పది మందితో ఆగరు.

అందుకే గేటు మీద సగం బరువే వేయండి. 3,000ను 80తో భాగిస్తే 37.50. దాన్ని 40 చేయండి. ధర గుండ్రంగా లేకపోతే గేటు దగ్గర చిల్లర కోసం వెతుక్కోవడంతోనే మొదటి గోల్ అయిపోతుంది. మిగతా సగం సభ్యత్వ రుసుము, ప్రకటన బోర్డులు, తినుబండారాల కౌంటర్ నుంచి రావాలి. ఖాళీగా ఉన్న గట్టు మీద ఇంకొకరు కూర్చుంటే మీకు అదనంగా పైసా ఖర్చు లేదు. ఆ మనిషి ధర చూసి వెనక్కి వెళ్లిపోతే మాత్రం టికెట్ డబ్బుతో పాటు కౌంటర్ అమ్మకమూ పోతుంది. తక్కువతో మొదలుపెట్టండి. మొదటి మూడు మ్యాచ్‌లకు డబ్బిచ్చినవాళ్లు, ఉచితంగా వచ్చినవాళ్లు, గేటు దాకా వచ్చి మళ్లిపోయినవాళ్లు ఎంతమందో విడివిడిగా రాసిపెట్టండి. వచ్చే సీజన్ ధర తేల్చడానికి ఆ మూడు అంకెలే ఆధారం.

ఇంకో మాట. ఖర్చుల పట్టికను గేటు పక్కనే బోర్డు మీద అంటించండి. ధర కన్నా, ఆ డబ్బు ఎటు పోతోందో తెలియకపోవడమే అభిమానికి ఎక్కువ కష్టంగా ఉంటుంది.

ప్రశ్న: ఆడేవాళ్లు పైసా తీసుకోనప్పుడు చూసేవాళ్లు ఎందుకు కొనాలి? ఇది ఔత్సాహిక క్రీడ అనే మాటకే విరుద్ధం కాదా?
– ఒక అభిమాని

జవాబు: కాదు. ఔత్సాహిక నియమం మొదటినుంచీ ఆటగాడి జేబు గురించే, గేటు గురించి కాదు. 1877లో జరిగిన మొట్టమొదటి వింబుల్డన్ పూర్తిగా ఔత్సాహికుల పోటీ. ఫైనల్‌కు సుమారు 200 మంది తలకొక షిల్లింగ్ ఇచ్చి వచ్చారు. క్లబ్ పచ్చిక చదును చేసే రోలర్ మరమ్మతుకు డబ్బు కావాల్సి వచ్చే ఆ పోటీ పెట్టారని చెబుతారు. 1951లో ఇంగ్లండ్ ఫుట్‌బాల్ సంఘం (ఎఫ్‌ఏ) ఔత్సాహిక జట్లకు పెట్టిన అమెచ్యూర్ కప్ ఫైనల్లో పెగాసస్, బిషప్ ఆక్లండ్ జట్లు తలపడితే వెంబ్లీ స్టేడియంలో లక్ష మంది చూశారు. ఐర్లండ్ సంప్రదాయ ఆటలైన గేలిక్ క్రీడల్లో ఆటగాళ్లకు ఆడినందుకు జీతం ఉండదు. అయినా 82,300 మంది పట్టే క్రోక్ పార్క్‌లో ఫైనల్ చూడాలంటే టికెట్ కొనాల్సిందే.

మీ అనుమానంలో న్యాయం లేకపోలేదు. గేటు వసూళ్లు చిన్నగా ఉన్నన్నాళ్లూ ఎవరూ అడగరు. అవి పెరిగినచోటల్లా ఆటగాడి వాటా ఏదన్న ప్రశ్న వచ్చింది. ఇంగ్లండ్ ఫుట్‌బాల్ సంఘం 1885లోనే వృత్తి ఆటగాళ్లను అంగీకరించింది. రగ్బీ అంగీకరించలేదు. గనుల్లో, మిల్లుల్లో పనిచేసే ఆటగాళ్లు మ్యాచ్ కోసం కోల్పోయిన కూలీని తిరిగి ఇవ్వాలని ఉత్తర ఇంగ్లండ్ క్లబ్బులు అడిగాయి. కాదన్నందుకు 1895 ఆగస్టు 29న హడర్స్‌ఫీల్డ్‌లోని జార్జ్ హోటల్లో సమావేశమై విడిపోయాయి. రగ్బీ లీగ్ అనే వేరే రకం రగ్బీ అలా పుట్టింది. విడిపోకుండా మిగిలిన రగ్బీ యూనియన్ సరిగ్గా వందేళ్లకు, 1995లో, ఆటగాళ్లకు చెల్లింపులు అనుమతించింది. అమెరికా కాలేజీలు లక్షమంది పట్టే స్టేడియాల్లో టికెట్లు అమ్ముకుంటూనే ఆటగాళ్లకు నేరుగా చెల్లించడానికి 2025 దాకా ఆగాయి.

కాబట్టి టికెట్ ఉండటం తప్పు కాదు, లెక్క దాచడం తప్పు. మీ క్లబ్ ఏడాది జమాఖర్చులు చూపించమని అడగండి. టికెట్ కొన్నవాళ్లు అది అడగవచ్చు.

ప్రశ్న: ప్రతి మ్యాచ్ తర్వాత గేటు డబ్బు లెక్కకు సరిపోవడం లేదు. ఎవరినీ అనుమానించాలని లేదు. ఏం చేయాలి?
– ఒక క్లబ్ కార్యదర్శి

జవాబు: దొంగతనం కన్నా అలసత్వమే ఎక్కువసార్లు కారణం. పద్ధతి పెడితే రెండూ ఆగుతాయి. వరుస నంబర్లు వేసిన టికెట్ చుట్టలు కొనండి. పూర్తి ధరకు ఒక రంగు, రాయితీకి ఇంకో రంగు, ఉచిత ప్రవేశానికి మూడోది. ఉచితంగా పంపేవారికి కూడా టికెట్ చింపి ఇవ్వాల్సిందే. ‘తెలిసినవాళ్లు’ అని ఊరికే వదిలేశారా, లెక్క అక్కడే తప్పుతుంది.

గేటు తెరిచే ముందు మొదటి టికెట్ నంబరు, పెట్టెలో పెట్టిన చిల్లర మొత్తం రాసి ఇద్దరు సంతకం చేయాలి. మొదటి నంబరు 401, మూసేటప్పుడు అమ్మకుండా మిగిలిన మొదటి టికెట్ 518 అయితే, అమ్మినవి 117. (518 కూడా అమ్మిందే అనుకుని 118 రాయడం మామూలుగా జరిగే తప్పు.) ధర 40 అయితే రావాల్సింది 4,680. అందులో ఫోన్ చెల్లింపులు 52 టికెట్లకు, అంటే 2,080. నగదు 2,600 ఉండాలి. చిల్లర కింద 1,000 పెట్టి ఉంటే పెట్టెలో 3,600. ఇద్దరూ కలిసి, గేటు దగ్గరే, ఆట ముగియకముందే లెక్కపెట్టండి. ఇంటికి తీసుకెళ్లి లెక్కపెట్టే పద్ధతి మానేయండి, ఎంత నమ్మకస్తులైనా సరే.

ఫోన్ చెల్లింపుల్లో చిక్కు వేరే. కొనేవాళ్లు చూపించే స్క్రీన్‌షాట్ పాతది కావచ్చు. క్లబ్ ఖాతాకు వచ్చే సందేశం గేటులోని ఫోన్‌కే చేరేలా పెట్టుకోండి, దాన్ని చూశాకే టికెట్ చింపండి. నెట్‌వర్క్ అందకపోతే నగదే గతి, కాబట్టి చిల్లర ఎప్పుడూ ఉండాలి. చుట్ట రంగు మ్యాచ్‌కోసారి మార్చండి, పాత టికెట్లు తిరిగి లోపలికి రావు.

క్యూ గురించి కూడా చూసుకోండి. ఒక్కొక్కరికి 10 సెకన్లు పడితే ఒక కౌంటర్ నిమిషానికి ఆరుగురిని, పావుగంటలో 90 మందిని పంపుతుంది. జనమంతా చివరి పావుగంటలోనే వస్తారు. క్యూ పెరిగితే గేటులోని మనిషి కంగారుపడి టికెట్ చింపకుండానే డబ్బు తీసుకుంటాడు. 90 దాటేలా ఉంటే రెండో కౌంటర్ పెట్టండి.

ప్రశ్న: మాది చుట్టూ కంచె లేని మైదానం. టికెట్ కుదరదు. విరాళాల డబ్బా పెడితే వస్తాయా?
– వాలీబాల్ నిర్వాహకులు

జవాబు: వస్తాయి, అడిగే తీరును బట్టి. ‘మీ ఇష్టం’ అని రాస్తే చేతికందిన చిల్లర వేస్తారు. ‘ఈ మ్యాచ్ ఖర్చు ఇంత, తలకు ఇంత ఇస్తే సరిపోతుంది’ అని అంకె రాస్తే జనానికి కొలత దొరుకుతుంది. ఆట ముగిశాక తిరిగితే అందరూ కదిలిపోయి ఉంటారు, సెట్ల మధ్య విరామంలోనే వెళ్లండి. డబ్బాకు సీలు, ఇద్దరు మనుషులు తప్పనిసరి. ఇవ్వనివారిని ఆపే పనైతే మాత్రం దాన్ని విరాళం అనకండి, అది టికెట్టే. పన్ను లెక్కల్లో ఈ తేడా ముఖ్యమవుతుంది కాబట్టి మీ లెక్కలు చూసేవారిని ముందే అడగండి.

ప్రశ్న: సీజన్ పాస్ ఇస్తే లాభమా నష్టమా? వాన పడి మ్యాచ్ ఆగితే డబ్బు తిరిగి ఇవ్వాలా?

జవాబు: సొంత మైదానంలో 10 మ్యాచ్‌లు, టికెట్ 40 అనుకుంటే పాస్ 280, అంటే ఏడు మ్యాచ్‌ల ధర పెట్టవచ్చు. మామూలుగా ఆరింటికి వచ్చేవారు 240 ఇస్తారు, పాస్ కొంటే వారి మీద మీకు 40 మిగులుతుంది. పదింటికీ వచ్చేవారి మీద 120 తగ్గుతుంది. అయినా వాళ్లకు ఆ మేలు చేయడం సబబే, వానలోనూ వచ్చేది వాళ్లే. సీజన్‌కు ముందే చేతికొచ్చే ఆ డబ్బు అడ్వాన్సు అద్దెకు అక్కరకొస్తుంది. అది మొదటి నెలలోనే అయిపోకుండా మ్యాచ్‌ల వారీగా పంచి పెట్టుకోండి. కప్ పోటీలకు పాస్ చెల్లదని ముందే ముద్రించండి. అక్కడ గేటు వసూళ్లు అవతలి జట్టుతో పంచుకోవాలనే నియమం ఉంటే, పాస్‌తో వచ్చినవారి వాటా మీ జేబులోంచి ఇవ్వాల్సి వస్తుంది.

వాన విషయం టికెట్ వెనకే రాయించండి: మొదటి సగం పూర్తికాకుండా ఆగితే అదే టికెట్ ముక్క తిరిగి జరిపే మ్యాచ్‌కు చెల్లుతుంది, ఆ తర్వాత ఆగితే చెల్లదు. నగదు తిరిగి ఇవ్వడం కన్నా ఇది ఇద్దరికీ తేలిక.

ప్రశ్న: పిల్లల మ్యాచ్‌లకు తల్లిదండ్రుల దగ్గర కూడా టికెట్ తీసుకుంటున్నారు. సమంజసమేనా?
– ఒక తల్లి

జవాబు: కాదనే మా అభిప్రాయం. పిల్లను తీసుకొచ్చి దింపేది, బ్యాగు మోసేది, గాయమైతే పరిగెత్తేది మీరే. ఖర్చు నిజంగా ఉంటే దాన్ని సీజన్ మొదట్లో పిల్లల రుసుములోనే కలిపి, ఎంతో ఒకేసారి చెప్పాలి. వారం వారం గేటు దగ్గర అడిగితే ఇద్దరు పిల్లలున్న ఇంట్లో ఎవరో ఒకరు రావడం మానేస్తారు. మీ క్లబ్ వాళ్లను ఒకటి అడిగి చూడండి: టికెట్ ఉంచాలనే అనుకుంటే, ఆడే ప్రతి బిడ్డకూ ఇద్దరు పెద్దలకు ఉచిత పాస్ ఇవ్వమనండి. డబ్బు ఇవ్వలేక బయట నిలబడేవారి కోసం రెండో సగం మొదలవగానే గేటు తెరిచేయమని కూడా అడగండి. అప్పటికి వసూలు కావాల్సింది దాదాపుగా అయిపోయి ఉంటుంది.